వెనక్కి తిరగని పడవ

మా అత్త రామవ్వ పశువుల కొట్టంలో వేరు కాపురం పెట్టి ఆ ఎండాకాలానికి రెండేళ్లు కావస్తోంది. రెండు ఎడ్లు, ఒక పాడిబర్రె, వాటి పక్కన ఆమె నులక మంచం, మంచం కింద ఆమె కుండలు, మంచం ముందర మూడు రాళ్ల పొయ్యి. వాకిలి దాటితే మా కొత్త ఇల్లు. ఆ ఇంట్లో ఆమె ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు.

ఇక ఊరు నన్నేమనేదో వేరే చెప్పాలా? "అత్తను గొడ్లకాడ పండవెట్టి కోడలు పట్టెమంచం మీద పంటది" అని బావి దగ్గర అనేవాళ్లు. పక్కింటి మంగవ్వ అయితే నేను వింటున్నానని తెలిస్తే ఇంకొంచెం గొంతు పెంచేది. నేను ఎల్లారెడ్డిలో పుట్టి పెరిగిన పిల్లను, నోరు లేనిదాన్ని కాదు. కానీ ఏమని జవాబు చెప్పను? నిజం చెబితే ఇంకా నవ్వుతారు.

నిజాంసాగర్ కట్ట పూర్తయి మంజీర నీళ్లు ఎగదన్నినప్పుడు మా పాత ఊరు మునిగింది. ఖాళీ చేయమని సర్కారువాళ్లు డప్పు వేయించిన రోజుల్లోనే మా అత్తకు చలిజ్వరం. ఒంటిమీద తెలివి లేని మనిషిని గడ్డి పరిచిన బండిలో పడుకోబెట్టి, ఎల్లారెడ్డి దారిలో సర్కారు చూపించిన కొత్త జాగాకు తెచ్చాం. జ్వరం దిగి కళ్లు తెరిచాక ఆమె అడిగిన మొదటి మాట ఒకటే.

"అమ్మకు చెప్పిండ్రా?"

అమ్మంటే పోచమ్మ. పాత ఊరి పొలిమేరలో గుట్ట మీద ఉండేది. ఊరంతా మునిగినా గుట్ట మునగలేదు. చుట్టూ నీళ్లు, మధ్యలో అమ్మ, అమ్మకు తోడు ఒక వేపచెట్టు. ఊళ్లో మొదటి బోనం మా ఇంటిది. కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ ఆ బోనం మా అత్త నెత్తిమీదే గుట్ట ఎక్కేది.

"చెప్పలేదవ్వా. నీళ్లు తరుముకొచ్చె" అన్నాడు మా ఆయన.

"అంటే దొంగల లెక్క వచ్చినమన్నట్టు. అమ్మ సెలవియ్యకుంట ఈడ కట్టే ఇంట్ల నేను కాలు వెట్ట" అని, దుప్పటి చంకన పెట్టుకుని, ఎడ్లకోసం ముందుగా వేసిన కొట్టంలోకి పోయింది. పోయింది పోయినట్టే ఉంది. ఊళ్లో మిగతావాళ్లు కొత్త జాగాలో ఒక రాయి నిలబెట్టి బోనాలు చేసుకున్నారు. "ఆడ అమ్మను ఒక్కదాన్ని ఇడిసివెట్టి ఈడ రాయి నిలవెడితే అమ్మయితదా?" అని మా అత్త అటువైపు తల కూడా తిప్పలేదు.

అంతకు ముందు శ్రావణంలో ఒక ప్రయత్నం చేశాం. బెస్త పోచయ్యకు పుట్టి ఉంది. వెదురుతో అల్లి తోలు తొడిగిన గుండ్రటి బుట్ట అది, మనుషులు నిలబడేంత వెడల్పు. బోనం నెత్తిన పెట్టుకుని మా అత్త అందులో నిలబడింది. ఒడ్డు వదిలిందో లేదో, పుట్టి తన గుణం చూపించి గిరగిరా తిరిగింది. బోనం ఎత్తిన మనిషి అమ్మకు వీపు చూపించకూడదు కదా. ఈమె గుట్ట వైపు ముఖం తిప్పుకుంటే పుట్టి ఈమెను ఊరి వైపు తిప్పుతుంది. ఈమె మళ్లీ తిరిగితే అది మళ్లీ తిప్పుతుంది. పుట్టి ఒకవైపు, మా అత్త ఒకవైపు పోటీపడి తిరుగుతుంటే ఒడ్డున ఉన్న నాకే కళ్లు తిరిగాయి.

"ఆపురా పోచిగా! అమ్మకు నా ఈపు ఎన్నిసార్లు చూపిస్తవ్?"

"నేనేం జేయాలె రామవ్వా, పుట్టి అంటేనే గట్లుంటది!"

వెనక్కి తెచ్చాడు. అమ్మను చేరేదాకా బోనం దించకూడదు కనుక సాయంత్రం దాకా మా అత్త ఒడ్డునే నెత్తిమీద కుండతో నిలబడిపోయింది. చివరికి అమ్మకు పూజచేసే కుమ్మరి బాలయ్య వచ్చి, గంగమ్మకు ఇస్తే పోచమ్మకు ఇచ్చినట్టేనని నచ్చజెప్పి నీళ్లలో వదిలించాడు. ఆమె నమ్మలేదు. ఆ తర్వాత ముసురుపట్టి, కొట్టంలో తడిగాలికి ఆమెకు దగ్గు మొదలైంది. చలికాలం పోయినా దగ్గు పోలేదు. ఇంకో వానాకాలం ఆ కొట్టంలో గడిస్తే మనిషి దక్కదని నాకు భయం పట్టుకుంది. ఊరి మాటలు ఎట్లాగైనా పడొచ్చు, ఈ భయం పడలేకపోయాను.

ఉగాది పోయాక ఒకనాడు మా ఆయన అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపాడు.

"దొర పడవ చేస్తే ఎట్లుంటదే?"

కట్ట కట్టే రోజుల్లో ఈయన బండితో రాయి తోలడానికి పోయేవాడు. అక్కడ ఒక ఇంజినీరు దొర పొద్దుగూకే వేళ సన్నటి చెక్క పడవలో షికారు పోయేవాడట. రెండు వైపులా మొన, పైన కూడా చెక్కమూత, మూతకు నడుమ తొర్ర, ఆ తొర్రలో దొర. చేతిలో రెండు కొసలా రెక్కలున్న ఒకే తెడ్డు. దాన్ని కయాక్ అంటారని చాలా ఏళ్ల తర్వాత ఎవరో చెప్పారు. అప్పట్లో మాకది దొర పడవే.

"అది తిరుగుడు లేదు గిరుగుడు లేదు. సూది లెక్క పోతది. మూతి ఎటు వెడితే అటే" అన్నాడు.

"నువ్వు ఎన్నడన్న దాంట్ల ఎక్కినవా?"

"చూసిన గద! మూడేండ్లు చూసిన."

చూసినంత మాత్రాన వచ్చేస్తే పెళ్లిళ్లు చూసినవాళ్లంతా పురోహితులే కావాలి. కానీ ఈయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మర్నాడే నా ముగ్గు డబ్బా ఖాళీ చేసి నడింట్లో పడవ బొమ్మ గీశాడు. దర్వాజ నుంచి దేవుడి గూడు దాకా బొమ్మే. దాన్ని తొక్కకుండా గోడ వెంట నడవడం మాకు అలవాటైపోయింది. ఎండలో పెడితే చెక్క పగులుతుందని పని కూడా ఇంట్లోనే అన్నాడు.

చెక్క బయట కొనే పని లేకపోయింది. పాత ఇంటి తలుపులు, అటక పలకలు ముంపుకు ముందే విప్పి తెచ్చి కొట్టంలో మా అత్త మంచం వెనక పేర్చాం. ఆమె ఇవ్వదనుకున్నాను. విషయం విని కాసేపు వక్క నమిలి, "తీసుకపోండ్రి. ఈ తలుపులు అమ్మ ముఖం చూసినయే. తొవ్వ ఎరుకనే ఉంటది" అంది.

పనికి వడ్రంగం చేసే వడ్ల రామస్వామిని పిలిచాడు. చుట్టుపక్కల ఊళ్లలో బండి చేయాలంటే ఆయనే. ముగ్గు బొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగి, గడ్డం గోక్కుని అడిగాడు.

"నర్సింలూ, దీనికి ఇరుసు ఏడ వస్తది?"

"ఇరుసు లేదే."

"మరి ఎడ్లు?"

"ఎడ్లెందుకు? ఇది నీళ్ల మీద పోతది."

"పోనీ. మీద మూత ఎందుకు? మనిషి ఏడ ఉంటడు?"

"దాని కడుపుల ఉంటడు."

రామస్వామి బాడిసె కింద పెట్టేశాడు. "మా తాత చేసిండు, మా నాయిన చేసిండు, నేను చేస్తున్న. మనిషిని కడుపుల వెట్టుకునే బండిని మా వంశంల ఎవలూ చెయ్యలే" అన్నాడు. అయినా సాయంత్రానికి బాడిసె మళ్లీ ఎత్తాడు. ఎవరూ చేయంది తాను చేస్తే ఎట్లా ఉంటుందోనన్న దురద ఆయనకూ పట్టింది.

ఆ రెండు నెలలు మా ఇల్లు ఇల్లు కాదు. పలకలు వంచాలంటే వేడినీళ్లు పోసి, తడి గోనెసంచులు కప్పి, కొసలకు బరువులు కట్టాలి. బరువుకు నా విసుర్రాయి పోయింది. వేడినీళ్లకు నా కాగు పోయింది. వంటకు పొయ్యి ఖాళీ లేక అంబలి తాగి పడుకున్న పూటలున్నాయి. మా ఆయన కామారెడ్డి పోయి మేకులూ డాంబరూ తెచ్చాడు. ఆ డాంబరు కాచిన రోజు నుంచి ఏం తిన్నా డాంబరు వాసనే.

పడవకు రెండు తొర్రలు అనుకున్నారు. ముందు తొర్ర మా అత్తకు, వెనక తొర్ర మా ఆయనకు. కొలత తీయడానికి తాడు పట్టుకుని కొట్టంలోకి పోయాడు.

"చావకముందే కొలుస్తున్నవేందిరా?" అంది తల్లి.

"తొర్ర కొలతకే అవ్వా."

"అట్లనా? నడుముకాడ బిగువుగ ఉండాలె మల్ల. ఒదులు వెట్టకు."

"బిగువుగనే చేయిస్త."

ఇద్దరూ సంతోషించారు. తల్లి మాట కొడుకుకు అర్థమైందని తల్లి, కొడుకు పని తల్లికి నచ్చిందని కొడుకు. నేనూ సంతోషించాను. ముగ్గురిలో ఒక్కరికైనా ఇంకో ప్రశ్న అడగాలని తోచలేదు.

మిరుగు కార్తె వెళ్లాక, తొలి వానలకు నీళ్లు కొంచెం పెరిగిన ఒక పొద్దున పడవను బయటికి తీశారు. డాంబరు మీద ఎండ పడితే కారుతుందని మా ఆయన తన కొత్త ధోవతి దానిమీద పొడుగునా కప్పాడు. నలుగురు మనుషులు భుజాల మీద ఎత్తుకున్నారు. రామస్వామి తల వంచుకుని ముందు నడిచాడు. ఆయన తల వంచుకున్నది రాళ్లు చూసుకోవడానికే. కానీ చూసేవాళ్లకు ఏం తెలుసు?

పిట్లం నుంచి వస్తున్న ఒక పెద్దమనిషి రుమాలు తీసి, చెప్పులు విడిచి, మాట్లాడకుండా వెనక నడవడం మొదలుపెట్టాడు. అది చూసి ఇంకో ఇద్దరు చేరారు. మంగవ్వ గడప మీంచి చూసింది. మా ఇంట్లోంచి తెల్లబట్ట కప్పి పొడుగ్గా ఏదో పోతోంది. ఇంకేం కావాలి?

"ఓ రామవ్వా! గొడ్లకాడనే పాణమిడిస్తివా తల్లీ! కడుపునిండ ఎన్నడన్న తింటివా తల్లీ!" అని గుండెలు బాదుకుంటూ మా వాకిట్లో కూలబడింది. వెనక నలుగురు ఆడవాళ్లు వచ్చి గొంతు కలిపారు. నన్ను చూసి ఒకామె "ఇప్పుడన్న సల్లవడ్డదా నీ కడుపు?" అని అడిగింది కూడా.

కొట్టం తడిక తోసుకుని మా అత్త బయటికి వచ్చింది. చేతిలో పాల చెంబు, బుగ్గన వక్క.

"ఏందే మంగవ్వా, ఎవలు వాయె?"

మంగవ్వకు ఏడుపు మింగలేక, కక్కలేక ఎక్కిళ్లు పట్టుకుంటే మా అత్తే ఆ చెంబులో పాలు తాగించి పంపింది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ శోకాలు నిజమయ్యే రోజు రాకముందే ఈమెను ఇంట్లోకి తెచ్చుకోవాలని మనసులో మొక్కుకున్నాను.

ఒడ్డున మా ఆయన వెనక తొర్రలో దిగి తెడ్డు వేశాడు. పడవ పోయింది. నిజంగానే సూదిలా పోయింది. ఒడ్డున అందరూ అరిచారు. పిట్లం పెద్దమనిషి కూడా రుమాలు ఊపాడు. పడవ చిన్నదైంది, ఇంకా చిన్నదైంది, అవతలి ఒడ్డు దగ్గర చుక్కంత అయింది. తిరిగి రాలేదు.

పొద్దు వాలాక ఈయన ఎవరిదో బండెక్కి కట్ట మీదుగా చుట్టు తిరిగి ఇంటికొచ్చాడు.

"పడవ ఏదీ?"

"అవుతల ఉంది. మంచిగనే ఉంది."

"మరి దాంట్ల ఎందుకు రాలేదు?"

నేల చూశాడు. "దొర పోయేటప్పుడు చూసిన గానీ తిప్పేటప్పుడు చూడలే. మా పని ఇడిసేటాళ్లకు ఆయన ఇంక అవుతలనే ఉంటుండె."

పోచయ్య పుట్టి వేసుకుని పోయి పడవను తాడుతో గుంజుకొచ్చాడు. దారంతా నవ్వాడట. "నా పుట్టి తిరుగుతదని ఎక్కిరిస్తివి, నీది తిరగనే తిరగది గదనే అన్నా" అన్నాడు.  మా ఆయన మాత్రం ఏమీ తగ్గలేదు. గుట్ట దాకా తిన్నగా పోతే చాలు, వచ్చేటప్పుడు బోనం ఉండదు కనుక ఎట్లా వచ్చినా ఫికర్ లేదన్నాడు. అందులో కొంత న్యాయం ఉంది.

శ్రావణంలో ఆదివారం. మా అత్త కొట్టంలోనే తలంటుకుని, కొత్త కుండకు పసుపు రాసి, బొట్లు పెట్టి, వేపకొమ్మలు కట్టి, తన పొయ్యి మీదే బోనం వండింది. నెత్తిమీద బోనం, బోనం మీద దీపం. డప్పులు ముందు, ఊరు వెనక. దగ్గొస్తే ఎట్లాగని నేను పక్కనే నడిచాను. ఒడ్డుకు చేరేసరికి మా ఆయన పడవలో కూర్చుని సిద్ధంగా ఉన్నాడు.

మా అత్త ఒక కాలు ముందు తొర్రలో పెట్టింది. రెండో కాలు పెట్టింది. నిటారుగా నిలబడింది. పడవ ఇటు ఒరిగి, అటు ఒరిగింది. రామస్వామి మోకాలు లోతు నీళ్లలో ఉరికి పట్టుకున్నాడు.

"అవ్వా, నిలవడరాదే! కూసోవాలె!" అని అరిచాడు మా ఆయన.

"ఏందీ?"

"తొర్రల కూసోవాలె!"

"బోనం నెత్తిన వెట్టుకొని కూసుంటరారా ఎవలన్న? అమ్మకు బోనం తెస్తున్ననా, అంగట్ల కుండలమ్ముతున్ననా? నిలవడితే నడుము పట్టుకుంటదని గదరా బిగువుగ చెయ్యమన్న!"

డప్పులు ఆగిపోయాయి. బోనం ఎత్తాక కూర్చోకూడదని మా ఊళ్లో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. మా ఆయనకు తెలుసు, రామస్వామికి తెలుసు, నాకు తెలుసు. రెండు నెలలు ఇల్లంతా చెక్కపొట్టు చేసుకుని, ముగ్గురం కలిసి మరిచిపోయాం. మా ఆయన ముఖం చూడలేకపోయాను. తెడ్డు ఒళ్లో పెట్టుకుని, గుట్ట వైపు చూస్తూ అట్లాగే కూర్చున్నాడు. పైన మబ్బు పడుతోంది. మా అత్త ఒడ్డుకు దిగి నిలబడింది. నెత్తిమీద కుండ, మెడ నరాలు బిగిసి ఉన్నాయి. పోయిన ఏడు లాగా సాయంత్రం దాకా నిలబడగల మనిషి కాదు ఆమె ఇప్పుడు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరి మీదో కూడా తెలియదు.

"పుట్టిల నిలవడొచ్చు గానీ అది తిరుగుతది. ఇది తిరగది గానీ నిలవడరాదు. రెండిటిని కలిపి కట్టుండ్రి! బర్రెను బండెనుక కట్టి అంగడికి తోలుకపోతలేమా? కట్టినంక అది గిర్రున తిరుగుతదా?"

"నా పుట్టి బర్రెనా వదినా?" అన్నాడు పోచయ్య.

"బర్రె గాకుంటే ఎద్దు. జల్ది తే!"

చాంతాడు తెచ్చారు. పుట్టికి రెండు పక్కలా రెండు ముడులు వేసి పడవ తోకకు బిగించారు. మా అత్త పుట్టిలో నిలబడింది. ఆమె నడుము పట్టుకుని నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. పోచయ్య గడకర్రతో వెనక. "పోనియ్యిరా" అంది మా అత్త. మా ఆయన తెడ్డు వేశాడు. తాడు బిగిసింది. పుట్టి ఒకసారి అలవాటు కొద్దీ తిరగబోయి, కుదరక, బుద్ధిగా వెంట వచ్చింది. అంత దూరం మా అత్త ముఖం అమ్మ వైపే ఉంది.  మా ఆయన ఊపిరి తీసే చప్పుడు పుట్టిదాకా వినిపించింది.

గుట్ట దగ్గర దిగాం. చినుకులు పడి దారి జారుడుగా ఉంది. మా అత్త నాలుగు అడుగులు ఎక్కి ఆగింది. కుండను రెండు చేతులతో పట్టుకుంది. ఇంకో అడుగు వేయబోయి మళ్లీ ఆగింది.

"భూదేవీ, ఇటు రా."

వెళ్లాను. బోనం కింద పెట్టకూడదు, ఇంటి మనిషి నెత్తికి మార్చవచ్చు. తన నెత్తిమీది చుట్టకుదురుతో సహా కుండను రెండు చేతులతో ఎత్తి నా నెత్తిన పెట్టింది. దీపం ఆరలేదు.  కుండ ఇంకా వెచ్చగా ఉంది. నేను ముందు ఎక్కాను, కొడుకు చెయ్యి పట్టుకుని ఆమె నా వెనక ఎక్కింది.

అమ్మ ముందు బోనం దించాను. ఇక మా అత్త మాట్లాడుతుందని పక్కకు జరిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఎత్తినోళ్లే చెప్పాలె."

రెండేళ్లుగా ఏం చెప్పాలో ఆమె కొట్టంలో కూర్చుని కూడబెట్టుకుంది. నాకేం తెలుసు? చేతులు జోడించాను. నోటికి వచ్చింది చెప్పాను.

"అమ్మా, నీళ్లొచ్చినయని ఇల్లు మారినం. నీకు చెప్పకుంట పోయినం, తప్పయింది. కొత్త ఇల్లు కట్టి రెండేండ్లాయె. అత్తమ్మ ఇంకా ఇంట్లకు రాలే. గొడ్లకాడ పంటది. దగ్గుతుంటే నాకు ఇంట్ల నిద్ర వస్తలేదు. నేను రమ్మంటే వినది. నువ్వన్న చెప్పు తల్లీ."

 వెనక నుంచి మా అత్త గొణిగింది. "అమ్మ ముందర ఇంటి ముచ్చట్లు చెప్తరానే ఎవలన్న?" కొంగుతో ముఖం తుడుచుకుంది. వాన చినుకులే అనుకోమన్నట్టు ఆకాశం వైపు కూడా చూసింది.

తిరిగి వచ్చేటప్పుడు పోచయ్య తాడు విప్పి మమ్మల్ని పుట్టిలో తెచ్చాడు. అది కసిదీరా తిరిగింది. మా అత్త ఏమీ అనలేదు. పడవను మా ఆయన అప్పటికి కొంచెం తిప్పడం నేర్చుకున్నాడు, మాకంటే గంట ఆలస్యంగా మాత్రమే వచ్చాడు.

ఇంటికి చేరేసరికి దీపాల వేళ. మా అత్త వాకిట్లో ఆగింది. కొట్టం వైపు చూసింది. ఎడ్లు తల ఎత్తి ఆమెను చూశాయి. 

"కాళ్లకు నీళ్లియ్యవానే?" అంది.

చెంబుతో నీళ్లు పోశాను. తొందరలో సగం నీళ్లు ఆమె చీర మీదే పడ్డాయి. కాళ్లు కడుక్కుని, కుడికాలు ముందు పెట్టి దర్వాజ దాటింది. అంగట్లో ఎద్దును చూసినట్టు గోడలు తట్టి చూసింది, వాసాలు చూసింది. నడింట్లో ఇంకా మిగిలిన చెక్కపొట్టును కాలితో పక్కకు నెట్టింది. వంటింట్లోకి పోయి ఆగిపోయింది.

"పొయ్యి గీ దిక్కు ఎవలు వెట్టిండ్రు?"

"నేనే అత్తమ్మా."

"పొగంత కండ్లల్ల కొడ్తలేదా?"

"కొడ్తుంది."

"మరి రెండేండ్ల సంది అడగకపోతివి?"

"అడగనీకి నువ్వు ఇంట్ల లేకపోతివి గద."

 మా అత్త కొంగు నడుముకు దోపుకుని, గొంతుక్కూర్చుని, నా పొయ్యి రాళ్లను ఒక్కొక్కటే ఊడబెరకడం మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని బూడిద ఎత్తాను. అంత సంతోషంగా నేను ఎన్నడూ బూడిద ఎత్తలేదు.